ఎకరం అమ్మే ముందు గంటలు లెక్కపెట్టాం

నెల్లూరు ట్రంక్ రోడ్డులో కాస్ట్ అకౌంటెంటుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రొయ్యల రైతులు, రైస్ మిల్లుల వాళ్లు, హోటళ్ల వాళ్లు. ఈ మధ్య ఇంకో రకం పని కూడా వస్తోంది. కూతురో కొడుకో విదేశంలో చిన్న వ్యాపారం పెట్టుకుంటారు, ఇక్కడి నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపుదామనుకుంటారు, "ట్యాక్స్ పడకుండా ఎట్టా పంపాలి సార్" అంటూ వస్తారు. దానికి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ డబ్బుతో పని చేయాల్సిన మనిషికి రోజుకు ఎన్ని గంటలు ఖాళీ? ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కుటుంబం అనుమతితో రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. అంకెల్ని నిష్పత్తి చెడకుండా కొద్దిగా మార్చాను.

కేసు ఇదీ

2025 సెప్టెంబరులో కావలి దగ్గర సముద్రం వైపు పల్లె నుంచి ఒక రైతు వచ్చారు. వనామీ రకం రొయ్యల చెరువులు. అమెరికా సుంకం ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరిన రోజులవి. రొయ్య ధర ఎటు పోతుందో తెలియక ఊళ్లన్నీ టెన్షన్ మీద ఉన్నాయి. ఆయన మాత్రం రొయ్యల గురించి మాట్లాడలేదు. "పిల్ల ఆడ నిద్ర లేకుండా అల్లాడతా ఉండాది సార్. ఎకరం అమ్మి ముప్పై లక్షలు పంపిస్తే ఒక షాపు పెట్టుకుంటది. చెరువుల మీద నాకిక ఆశ లేదు" అన్నారు.

కూతురు, అల్లుడు ఇంగ్లండ్‌లో, లండన్‌కు పడమటి వైపు ఒక ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటారు. అల్లుడు సాఫ్ట్‌వేర్, స్కిల్డ్ వర్కర్ వీసా. ఆ అమ్మాయిది డిపెండెంట్ వీసా. పెద్దపిల్లకు ఆరేళ్లు, బడికి వెళ్తుంది. చిన్నవాడికి ఆ జులైలోనే మూడేళ్లు నిండాయి. 2024 మొదట్లో తెలిసినవాళ్లకు కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం, పల్లీల పొడి చేసి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత వారాంతాల్లో నెల్లూరు చేపల పులుసు పెట్టింది. పేరు వచ్చింది పులుసుతోనే. ఆర్డర్లు ఎక్కువై వంటిల్లు చాలకపోవడంతో ఇండస్ట్రియల్ ఎస్టేటులో చిన్న యూనిట్ అద్దెకు తీసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. నెలకు 900 పౌండ్లు.

మొదటి వీడియో కాల్‌లోనే ఒక సంగతి తెలిసింది. మనకు సాయంత్రం ఐదున్నర అంటే వేసవి టైము ప్రకారం అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ఆ వేళకు చిన్నవాణ్ని నర్సరీ నుంచి తెచ్చేసి ఉంటుంది. వాడికి అన్నం పెడుతూ, ఒక పక్క పొట్లాల మీద లేబుల్ అంటిస్తూ నాతో మాట్లాడింది. "ఎప్పుడైనా ఫర్వాలేదు అంకుల్, నేను ఇంట్లోనే ఉంటాను కదా" అంది. ఇంట్లో ఉండటం వేరు, పనికి ఖాళీగా ఉండటం వేరు. మా లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాం.

ముందే సరిగ్గా చేసినవి

ఈ అమ్మాయి కాగితాల పని శుభ్రంగా చేసుకుంది. వ్యాపారం మొదలవడానికి 28 రోజుల ముందే కౌన్సిల్‌లో ఫుడ్ బిజినెస్‌గా నమోదు చేసుకుంది. దానికి ఫీజు లేదు. ఇంటి యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంది. అధికారి వచ్చి వంటిల్లు చూసి హైజీన్ రేటింగ్ ఇచ్చి వెళ్లాడు, ఐదుకు ఐదు. సోల్ ట్రేడర్‌గా, అంటే ఒక్కరే సొంతంగా వ్యాపారం చేసేవాళ్లుగా, పన్ను శాఖలోనూ నమోదైంది. అక్కడ పన్ను ఏడాది ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 దాకా. ఆన్‌లైన్ రిటర్నుకు, కట్టాల్సిన పన్నుకు గడువు మరుసటి జనవరి 31. వ్యాట్ నమోదు 12 నెలల అమ్మకాలు 90,000 పౌండ్లు దాటితేనే కాబట్టి ఇంకా చాలా దూరం.

లేబుళ్ల విషయంలో ఆమె జాగ్రత్త చూసి నాకు నిజంగా సంతోషమేసింది. అలర్జీ కలిగించే 14 పదార్థాలను పొట్లం మీద కొట్టొచ్చినట్టు చూపాలన్నది అక్కడి చట్టం. ఆ జాబితా చదివితే మన వంటిల్లే కనిపిస్తుంది. ఆవాలు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి, పల్లీలు ఉన్నాయి, చేప ఉంది, రొయ్య ఉంది. అందరూ మర్చిపోయేది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుస్తుంది, గోధుమ ఆ జాబితాలో ఉంది. చిటికెడు ఇంగువ వేసిన కందిపొడి మీద కూడా గోధుమ అని ముద్దక్షరాల్లో వేయాలి. ఆమె వేసింది. ఒకే మిక్సీ జార్‌లో పల్లీల పొడి, కందిపొడి ఆడితే ఏమవుతుందో ఆలోచించి రెండు జార్లు వేరుగా పెట్టుకుంది. ఈ పని చేసే తెలుగువాళ్లందరూ ఇంత శ్రద్ధ పెట్టాలని నా కోరిక. పల్లీ పడని పిల్లవాడికి ఇది ప్రాణం మీద విషయం.

వాళ్ల నాన్నగారు ఊళ్లో పొడులు దంపించి పార్శిల్ చేద్దామన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. అమ్మకానికి పంపేది దిగుమతి అవుతుంది, కూతురికి పంపే సారె అనిపించుకోదు. మన దేశపు పల్లీల మీద ఆఫ్లాటాక్సిన్ కోసం, అంటే బూజు వల్ల పుట్టే విషం కోసం, బ్రిటన్ సరిహద్దులో అదనపు తనిఖీలు ఉంటాయి. సరుకు ఎవరి దగ్గర కొన్నదీ చూపించే కాగితం కూడా ఉండాలి. అక్కడి హోల్‌సేల్ దుకాణంలో బిల్లుతో కొనడమే నయం.

గంటల లెక్క

ఆమె పుస్తకంలో సరుకు, పొట్లం, పోస్టు, అమ్మకం అన్నీ ఉన్నాయి. గంటలకు మాత్రం కాలమ్ లేదు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, కొన్ని వారాలపాటు ప్రతి పని మొదలు, ముగింపు రాయమన్నాను. చేపల పులుసుకు ఒక వారాంతం కాగితం ఇలా ఉంది:

బంగ్లాదేశీ దుకాణానికి వెళ్లి ఫ్రోజెన్ శీలావతి, మామిడికాయ, మిగతా సరుకు తేవడం 2 గంటలు. ముక్కలు కరిగాక కడిగి ఉప్పు, పసుపు పట్టించడం 1 గంట 40 నిమిషాలు. చింతపండు, మసాలా, వంట 4 గంటలు. చల్లార్చి డబ్బాల్లో పెట్టి లేబుల్ వేయడం 1 గంట 10 నిమిషాలు. వాట్సాప్ మెసేజ్‌లకు జవాబులు 2 గంటల 10 నిమిషాలు. కారులో ఇంటింటికీ ఇవ్వడం 3 గంటలు. నీచు వాసన పోయేలా వంటిల్లు కడగడం 1 గంట.

మొత్తం 15 గంటలు. మెసేజ్‌లకు రెండు గంటలు పైన పడుతోందని ఆమెకే తెలియదు. "కారం తగ్గిస్తారా", "తలకాయ ముక్క ఉందా", "ఆదివారం కాకుండా శనివారం ఇస్తారా" అన్నీ తలా ఒక నిమిషమే మరి.

24 డబ్బాలు, డబ్బా 12 పౌండ్లు, అమ్మకం 288. ఒక్కో డబ్బాకు సరుకు, గ్యాసు 5.20, డబ్బా 0.60, పెట్రోలు 1.20, మొత్తం 7 పౌండ్లు. అంటే 168 పోతే మిగిలేది 120. పదిహేనుతో భాగిస్తే గంటకు 8 పౌండ్లు. అప్పటికి అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లకు చట్టబద్ధమైన కనీస వేతనం గంటకు 12.21.

పొడుల బ్యాచ్ 60 పొట్లాలు. పొట్లం 5 పౌండ్లు, అమ్మకం 300. పొట్లానికి సరుకు 1.30, కవరు, లేబుల్ కలిపి 0.35. పోస్టు ఖర్చు కొనేవాళ్లదే. 99 పోతే 201 మిగిలింది. వేయించడం, ఆడించడం, జల్లించడం, తూకం, పోస్టాఫీసు అన్నీ కలిపి 9 గంటలు. గంటకు 22 పౌండ్ల పైమాట.

అమ్మకం చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. గంటల మీద చూస్తే ఒకటి ఇంకోదానికి దాదాపు మూడింతలు. పేరు తెచ్చిన వంటకమే ఆమె గంటలన్నీ తినేస్తోంది.

ఆ తర్వాత అసలు లెక్క, ఆమెకు నిజంగా ఎన్ని గంటలున్నాయన్నది. ఇంగ్లండ్‌లో మూడేళ్లు నిండిన పిల్లలకు, నిండిన తర్వాతి టర్ము నుంచి, వారానికి 15 గంటలు ఉచిత నర్సరీ, ఏడాదికి 38 వారాలు, మొత్తం 570 గంటలు. ఇది వీసాతో పని లేకుండా అందరికీ వస్తుంది. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటల పథకం మాత్రం, వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉన్న ఇలాంటి కుటుంబాలకు రాదు. చైల్డ్ బెనిఫిట్ కూడా రాదు. రోజుకు మూడు గంటల్లో అరగంట నడకకే పోతుంది. మిగిలేది రెండున్నర, 190 రోజులకు 475 గంటలు. భర్త పిల్లల్ని చూసుకునే వారాంతపు గంటలు నాలుగు చొప్పున 45 వారాలకు 180. మొత్తం 655. నెలకు 55 దాటదు.

పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా చేసే పనిని ఇందులో రాయనివ్వలేదు. "అప్పుడే కదా అంకుల్ ప్రశాంతంగా చేసుకునేది" అంది. నా అభిప్రాయం మారలేదు. తల్లి నిద్రను పెట్టుబడి కాలమ్‌లో వేసి లాభం చూపించే లెక్క మీద నేను సంతకం పెట్టను.

ఇప్పుడు యూనిట్ అద్దె 900 తీసుకుందాం. పొట్లానికి 3.35 మిగులుతుంది కాబట్టి ఒక్క అద్దె కోసమే నెలకు 269 పొట్లాలు అమ్మాలి. వాటికి పట్టేది 40 గంటలు. చేతిలో ఉన్న 55లో 40 అద్దెకే. చిన్న స్థలం కాబట్టి బిజినెస్ రేట్స్ అనే స్థానిక పన్నులో పూర్తి రాయితీ వస్తుందని వాళ్లు కనుక్కున్నారు, అది నిజమే. కానీ రాయితీ వచ్చినా గంటలు పెరగవు. ముప్పై లక్షలు పంపినా పెరగవు. ఇది చెప్పినప్పుడు వాళ్ల నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడకుండా, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మనిషిని పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. గంటకు 12.21 ఇచ్చి పెట్టుకుంటే పొడుల మీద మిగులుతుంది, పులుసు మీద చేతి నుంచి పడుతుంది. కానీ జీతం ఇచ్చే యజమాని అవడమంటే ఇన్సూరెన్సు, పేరోల్, సెలవులు, ఇంకా కొన్ని గంటలు. ఈ దశలో వద్దనుకున్నాం.

అల్లుడి సంగతి

ఆయన శనివారాలు డెలివరీకి కారు నడిపేవారు. స్కిల్డ్ వర్కర్ వీసాతో సొంత వ్యాపారం చేయడానికి వీల్లేదు. డిపెండెంటుగా ఉన్న భార్యకు ఆ ఇబ్బంది లేదు, ఉద్యోగమైనా స్వయం ఉపాధి అయినా చేసుకోవచ్చు. జీతం తీసుకోకుండా చేసే సాయం ఎంతవరకు సాయం, ఎక్కడి నుంచి పని అన్నది నెల్లూరులో కూర్చుని నేను చెప్పే విషయం కాదు. అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగమన్నాను, అడిగారు. నా లెక్కలో మాత్రం అల్లుడి గంటలు సున్నా. ముందు ముందు స్థిర నివాసానికి దరఖాస్తు పెట్టుకోవాల్సిన కుటుంబం రెండు డబ్బాల పులుసు కోసం అనుమానానికి తావివ్వకూడదు. పైగా ఇంటి కారు ఇన్సూరెన్సులో వ్యాపార వాడకం చేర్చకుండా సరుకు తిప్పుతున్నారు. ఏదైనా జరిగితే క్లెయిము రాదు.

ఇక్కడి డబ్బు, ఇక్కడి భూమి

ఆ ఎకరం కూతురికి పసుపు కుంకుమ కింద ఇస్తామని పెళ్లిలో నోటిమాటగా అన్నది. రిజిస్ట్రేషన్ తండ్రి పేరు మీదే ఉంది. చట్టం దృష్టిలో తండ్రిదే. అమ్మి పంపితే అది తండ్రి కూతురికిచ్చే బహుమతి. దగ్గరి బంధువు ఇచ్చింది కాబట్టి మన ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆమెకు పన్ను లేదు. ఇక్కడ నివసించే వ్యక్తి రిజర్వ్ బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన మొత్తం మీద ఇలాంటి బహుమతులకు 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసుకునే పన్ను, పడుతుంది. ముప్పై లక్షలు ఒకేసారి పంపితే 4 లక్షలు బ్యాంకులోనే ఆగిపోతాయి. రిటర్ను వేస్తే సర్దుబాటో రిఫండో వస్తుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మనది కాదు. బహుమతిగా కాకుండా కూతురి వ్యాపారంలో వాటాగా పెడితే 2022 ఆగస్టు నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్ కిందకి వెళ్తుంది. ఇంత చిన్న పనికి ఆ తలనొప్పి అనవసరం.

మన తీర ప్రాంతం వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. పల్లెల్లో వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను ఉండదని అందరికీ తెలుసు. కానీ రొయ్యల సాగు ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు. చెరువు తవ్విన నేలను వ్యవసాయ భూమి అని చూపిస్తే ప్రశ్న రావడానికి అవకాశం ఉంది. అమ్మకానికి ముందే కాగితాలు చూపించుకోవాలి, అడ్వాన్సు తీసుకున్నాక కాదు.

అన్నిటికంటే సున్నితమైనది అన్నగారి విషయం. చెరువులు చూసుకునేది ఆయనే. చెల్లెలికి డబ్బు పంపడం మీద ఆయనకు అభ్యంతరం లేదు. "ఇస్తున్నామా, అప్పు పెడుతున్నామా చెప్పండి నాన్నా, నాకది చాలు" అన్నాడు. నాకు చాలా మంచి మాటగా అనిపించింది. తండ్రి, తల్లి, అన్న, చెల్లెలు నలుగురూ ఒప్పుకుని, ఇప్పుడు పంపేది ఎంత, అది పసుపు కుంకుమలో భాగంగా లెక్కా కాదా, ఆ ఎకరం ఎవరికి అన్నది ఒక పేజీలో రాయించాం. దూరాన ఉన్న ఆడపిల్లల విషయంలో ఈ ఒక్క పేజీ లేక పెద్దల తదనంతరం మాటలు ఆగిపోయిన కుటుంబాలు నా ఫైళ్లలోనే ఉన్నాయి.

ఏం మార్చాం

ఎకరం అమ్మలేదు, లీజుకిచ్చారు. తండ్రి తన ఖాతా నుంచి రెండున్నర లక్షలు బహుమతిగా పంపారు. టీసీఎస్ పడలేదు. ఆ డబ్బుతో అక్కడే పొడి ఆడే చిన్న పల్వరైజరు, వ్యాక్యూమ్ సీలరు, లేబుల్ ప్రింటరు కొన్నారు. 9 గంటల బ్యాచ్ 6 గంటలకు వచ్చింది. గంటకు 33 పౌండ్లు దాటింది. వాళ్లది గోడలు కలిసి ఉన్న ఇల్లు. పల్వరైజరు చప్పుడు పక్కింటికి వినిపిస్తుందని ముందే వెళ్లి చెప్పి, పొద్దున పది తర్వాతే ఆడిస్తోంది. పక్కింటి ముసలావిడకు కరివేపాకు కారం నచ్చింది, అది వేరే కథ.

పులుసు మానేయమని నేను చెప్పలేదు. అది వాళ్లమ్మ చేతి వంట, ఆ ఊళ్లో ఆమెకు గుర్తింపు తెచ్చింది. నెలకు ఒక్కసారికి కుదించాం. బుధవారం లోపు ఫారంలో ఆర్డరు, ముందే డబ్బు, ఎవరి డబ్బా వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి, ధర 15. చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచి అని మనకు తెలిసిందే, ఆ గుణం ఇక్కడ పనికొచ్చింది. శుక్రవారం వండి, గంట రెండు గంటల్లో చల్లార్చి, 8 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉంచి శనివారం ఇస్తోంది. వేడిగా ఇవ్వాలంటే 63 డిగ్రీల పైన నిలపాలి, ఇంట్లో అది కష్టం. పెద్ద గిన్నె చల్లారడానికి టైము పడుతుందని లోతు తక్కువ ట్రేలలోకి వంచి, కిందనుంచి ఐసు నీళ్లు పెడుతుంది. మొత్తం పని 11 గంటలకు దిగింది. డబ్బాకు 9.20 చొప్పున 24కు 220.80, గంటకు 20 పౌండ్లు.

కొందరు కస్టమర్లు పోయారు. ధర పెంచినందుకు కంటే ఇంటికి తెచ్చివ్వనందుకు. అక్టోబరు, నవంబరులో మొత్తం అమ్మకం పడిపోయింది, ఆ రెండు నెలలూ ఆమె బాగా దిగులుపడింది. ఆ తర్వాత పొడుల గిఫ్ట్ ప్యాకులు వెళ్లడంతో కాస్త కుదుటపడింది. వారానికి ఒక బ్యాచ్ చొప్పున 38 వారాలు, పులుసు ఏడాదికి పది సార్లు వేసుకుంటే 9,800 పౌండ్ల చిల్లర మిగులు. అందులోంచి ఇన్సూరెన్సు, చిన్నాచితకా ఖర్చులు పోవాలి. ఆమెకు వేరే ఆదాయం లేదు, 12,570 పౌండ్ల దాకా ఆదాయపు పన్ను ఉండదు. బడి సెలవుల్లో, ముఖ్యంగా ఎండాకాలం ఆరు వారాలు, వ్యాపారం మూతే. ఆ సంగతి జూన్‌లోనే కస్టమర్లకు చెప్పేయాలని రాసుకుంది.

2026 సెప్టెంబరులో చిన్నవాడు రిసెప్షన్ క్లాసులో, అంటే అక్కడి బడిలో మొదటి క్లాసులో, చేరతాడు. బడి రోజుకు ఐదు గంటలు చేతికొస్తే 190 రోజులకు 950, ఇప్పటి 475కు సరిగ్గా రెట్టింపు. యూనిట్ ప్రశ్న అప్పుడు మళ్లీ తీస్తాం. నెలకు 900 అద్దె, 6 గంటల బ్యాచ్ లెక్కన అద్దెకు పోయేది 27 గంటలు. వారాంతాలు కలపకుండానే నెలకు 79 గంటలు ఉంటాయి. ఆ లెక్కలో యూనిట్ నిలబడొచ్చు. ఆ ఎకరం లీజు కూడా అందుకే ఏడాదికే రాయించాం.